రెండింటికీ ఒకే మాట

ఫిబ్రవరి 9

చిన్ని పడింది. ఈత కొలను దగ్గర, తడి మెట్ల మీద. మోకాలి చిప్ప చీలింది.

హాల్లో ఉన్న రెండు సూట్‌కేసులూ తీసి మంచం కిందికి తోశాను. కాలు కింద ఆనించలేని మనిషికి దారిలో సామాను అడ్డం.

ఫిబ్రవరి 10

నిన్న అంతకు మించి రాసే ఓపిక లేకపోయింది. ఎవరికైనా చెప్పుకుంటే మాట పెరుగుతుంది, ఇందులో రాసుకుంటే తరుగుతుంది. అందుకే రాయడం.

మా చెల్లెలు పిల్లలకు ఈత నేర్పుతుంది. ఇన్నేళ్ళు నీళ్ళలో ఉన్నా ఏమీ కాలేదు, ఒడ్డుకు వచ్చి పడింది. ఆస్పత్రికి తీసుకెళ్ళిందీ, అక్కడి నుంచి మా మూడో అంతస్తు దాకా మోసుకొచ్చిందీ పంపు మెకానిక్. కొలనులో నీళ్ళు తిప్పే యంత్రాలు చూసుకుంటాడు. చిన్ని పెళ్ళి చేసుకోబోయేది అతన్నే. నలభై దాటాక పెళ్ళేమిటని నేను ఏనాడూ అనలేదు. అనుకుని ఉంటాను. అనలేదు.

మెట్లెక్కి ఆయాసపడుతూ, "వదినగారూ, తలుపు ఇంకాస్త తియ్యండి" అన్నాడు. ఇంకా వదినను కాలేదు నేను.

ఆపరేషను అక్కర్లేదట. తొడ నుంచి పిక్క దాకా స్ప్లింట్ వేశారు. వెనకా పక్కలా గట్టి పలకలు, ముందు పట్టీలు. చీలిక అతుక్కునేదాకా మోకాలు వెంట్రుకవాసి కూడా వంగకూడదు. పట్టీలు ఎలా బిగించాలో నాకు చూపించారు. చూపించక్కర్లేదు నిజానికి. అమ్మ పోయినప్పుడు చిన్నికి ఆరేళ్ళు, నాకు పదిహేడు. అప్పటి నుంచి దాని జడలూ, బూట్ల తాళ్ళూ అన్నీ కట్టింది ఈ చేతులే.

ఫిబ్రవరి 12

సూప్ స్పూనుతో తాగించబోతే, "విరిగింది కాలు అక్కా, చెయ్యి కాదు" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఈ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్ళయింది.

ఫిబ్రవరి 17

పని మొదలుపెట్టాను. కాళ్ళకూ చేతులకూ నడుముకూ కట్టే సరంజామా తయారుచేసే కంపెనీ ఒకటి, పెట్టెల్లో పెట్టే సూచనల కాగితాలు నాతో ఇంగ్లిషు నుంచి మన భాషలోకి రాయిస్తుంది. ఎడిటరమ్మ ఫోను చేసింది. చిన్నపిల్లే గాని గడుసుది.

"మేడమ్, మీరు స్ప్లింట్‌కీ కట్టు అనే రాశారు, బ్రేస్‌కీ కట్టు అనే రాశారు."

"మనవాళ్ళకి రెండూ కట్టేనమ్మా. కాలికి ఏది చుట్టినా కట్టే."

"మన కాగితాలు వాడే ఆస్పత్రివాళ్ళు ఒప్పుకోవడం లేదు మేడమ్. రెండూ ఒకటి కాదంటున్నారు. రెండో దానికి ఇంకో మాట కావాలట."

"మా చెల్లెలి కాలికే ఉంది ఒకటి. పొద్దునా సాయంత్రం నేనే బిగిస్తున్నాను. నాకు తెలీదంటావా?"

ఆలోచిస్తానని పెట్టేశాను. ఆలోచించడానికేముంది. ఏ రాయి అయితేనేం పళ్ళూడగొట్టుకోవడానికి.

ఫిబ్రవరి 21

మెకానిక్ ద్రాక్షపళ్ళు పట్టుకుని వచ్చాడు. చిన్ని మంచం పక్కన స్టూలు మీద కూర్చుని దాని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుతూ కొత్త ఊరి కబుర్లు చెప్పాడు. అక్కడ కొత్త కొలను తెరుస్తున్నారు. ఇద్దరికీ అక్కడే ఉద్యోగాలు వచ్చాయి. ఈ నెలాఖరుకు వెళ్ళిపోవాలనుకున్నారు. సూట్‌కేసులు అందుకే.

వెళ్ళేముందు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మొత్తం ఎన్నాళ్ళు పడుతుందన్నారు వదినగారూ?"

"ఎముక సంగతి ఎవరు చెప్పగలరు బాబూ."

"చిన్ని ఉద్యోగం కొన్నాళ్ళు ఆపి ఉంచుతామన్నారు. నేను మాత్రం వెళ్ళి చేరక తప్పదు. మీరున్నారని ధైర్యం."

నేనున్నాను. ఆ మాట నిజం.

ఫిబ్రవరి 25

మధ్యాహ్నం చిన్ని నిద్రపోతుంటే చూశాను. ముఖం చిన్నప్పటిదే.

మార్చి 4

మెకానిక్ వెళ్ళిపోయాడు. వీలున్న ఆదివారాలు వస్తాడట. చిన్ని కిటికీ దగ్గర కుర్చీలో చాలాసేపు కూర్చుంది. జుట్టు దువ్వుతానంటే వద్దనలేదు.

నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఇంత నిమ్మళంగా ఉన్న రోజులు లేవు. పొద్దున్నే టీ, పట్టీలు విప్పి కాలు తడిగుడ్డతో తుడవడం, మళ్ళీ బిగించడం, నా బల్ల దగ్గర నా పని, గోడకవతల అది పాటలు వింటున్న చప్పుడు. చిన్ని కష్టంలో ఉంటే నాకు నిమ్మళమేమిటని నన్ను నేనే అడిగాను. దగ్గరుండి చూసుకోగలుగుతున్నానన్న తృప్తి, అంతే.

మార్చి 23

ఆస్పత్రికి వెళ్ళొచ్చాం. ఈ ఎముకల డాక్టరు మన భాషవాడు కాదు. గబగబా ఇంగ్లిషే మాట్లాడతాడు. చిన్నికి ఇంగ్లిషంటే చెవిలో నీళ్ళు పోయినట్టే. బడిలో ఆ ఒక్క పరీక్షా తప్పేది. అందుకని ఆస్పత్రులూ ఆఫీసులూ ఎప్పుడూ నా పనే.

ఎక్స్‌రే తీసి చూశాడు. అతుక్కుందన్నాడు. చాలాసేపు మాట్లాడాడు. చిన్ని ఒకసారి ఆయన ముఖం, ఒకసారి నా ముఖం చూస్తూ కూర్చుంది.

"ఏమంటున్నాడక్కా?"

"బాగానే అతుక్కుంటోందట. ఇంకా కట్టు ఉండాలట. జాగ్రత్తగా ఉండమంటున్నాడు."

"ఇదే కట్టా?"

"వేరేది ఇస్తారు. దీనికన్నా తేలిక."

నేను అబద్ధం చెప్పలేదు. స్ప్లింట్ తీసేసి బ్రేస్ వేయమన్నాడు. బ్రేస్ కూడా కట్టే. జాగ్రత్త అన్న మాట కూడా ఆయన అన్నదే. మిగతావి డాక్టర్లు అందరికీ చెప్పేవే. వారం వారం కొంచెం కొంచెం వంచాలనీ, వ్యాయామం చేయించే అమ్మాయి ఫోను చేస్తుందనీ. అన్నీ ఒకేసారి చెప్తే కంగారు పడుతుంది. దాని సంగతి నాకు తెలీదా. వంచమంటే ఆ సాయంత్రమే వెళ్ళి నీళ్ళలో దూకే రకం.

మార్చి 24

బ్రేస్ వచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంది. మోకాలికి అటూ ఇటూ రెండు ఇనుప బద్దలు, వాటి మధ్య గుండ్రటి మర. ఆ మరలో చిన్న తాళంచెవి పెట్టి తిప్పితే సున్నా, ముప్ఫై, అరవై, తొంభై అని ఆగుతుంది. ఎంత దగ్గర ఆపితే మోకాలు అంతే వంగుతుంది.

సున్నా దగ్గర పెట్టాను. మొదటి రోజు కదా.

చెవి నా కుట్టుపెట్టెలో వేశాను. ఎక్కడపడితే అక్కడ పెడితే పోతుంది.

మార్చి 26

వ్యాయామాల అమ్మాయి ఫోను చేసింది. "ఆంటీ, రేపటి నుంచి రానా?" అంది. వేరేచోట చూపించుకుంటున్నామని చెప్పాను. పరాయి మనుషులు వచ్చి పోతుంటే చిన్నికి నీరసం.

మార్చి 30

కాలు ఎందుకు వంగడం లేదని అడిగింది. లోపల ఇంకా పచ్చిగా ఉందన్నాను. పచ్చిగా ఉండకపోతే నొప్పి ఎందుకుంటుంది?

ఏప్రిల్ 5

ఆదివారం. మెకానిక్ వచ్చాడు. చిన్నిని చూసి ఎందుకో గుమ్మంలోనే నిలబడిపోయాడు. నాకు రోజూ చూస్తుంటే తెలియలేదు. బాగా చిక్కింది. బ్రేస్ కింద తొడ సన్నబడి పట్టీలు చివరి రంధ్రానికి వచ్చాయి.

"పెద్ద డాక్టరు ఎవరికైనా చూపిద్దామా వదినగారూ?"

"చూస్తున్నాయన చిన్న డాక్టరా?"

"అలా కాదండీ. అక్కడ ఎవర్నో తాత్కాలికంగా తీసుకున్నారు, చిన్ని బదులు. ఇంకొన్నాళ్ళయితే..."

చిన్నే అందుకుంది. "అక్కకు తెలియంది కాదులే. అక్క పక్కన లేకపోతే నేనేమైపోయేదాన్ని."

అతను తలూపాడు. ద్రాక్షపళ్ళు కడిగి తెచ్చాను. ఎవరూ తినలేదు.

ఏప్రిల్ 8

"లోపల తుప్పు పట్టినట్టుందక్కా" అంటుంది. మెకానిక్ మాటలు దీనికి అంటుకున్నాయి.

ఏప్రిల్ 14

ఇవాళ మంచి రోజు. పనిలో ఇంత సంతోషం ఈ మధ్య లేదు.

ఎడిటరమ్మ మళ్ళీ ఫోను చేసింది. ఆస్పత్రివాళ్ళు కాగితాలు వెనక్కి పంపారట. "రెండింటికీ తేడా ఏమిటో నాకు ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్, నేను వాళ్ళకి చెప్పుకుంటాను" అంది. నాకు రోషం వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా మాటలతోనే బతుకుతున్నాను.

"రాసుకో" అన్నాను. "స్ప్లింట్ అంటే పసిపిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం. కదలనివ్వదు. గాయం మానేదాకా అదే కావాలి. బ్రేస్ అంటే పిల్ల వేలు పట్టుకుని నడిపించడం. పడకుండా కాస్తుంది, కదలమంటుంది. మొదటిది కట్టు. రెండోది ఊతకట్టు."

"అబ్బ, ఎంత బాగా చెప్పారు. మరి వాడేవాళ్ళు ఒకదాని బదులు ఒకటి వాడితే నష్టమా మేడమ్? హెచ్చరికలో రాయాలి."

"నష్టమే కదా మరి. నడవాల్సిన పిల్లని ఒళ్ళోంచి దింపకపోతే కాళ్ళు చచ్చుబడతాయి. కీలు బిగుసుకుపోతుంది. ఆ తర్వాత దింపినా నడవదు."

"ఊతకట్టు" అని రెండు మూడుసార్లు అనుకుని చూసింది. చాలా నచ్చింది. నాకూ నచ్చింది. ఫోను పెట్టేసి టీ పెట్టుకుందామని లేచాను. గోడకవతల పాట ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

ఏప్రిల్ 15

చిన్ని తలనొప్పిగా ఉందంది. అన్నం సగం వదిలేసింది. పట్టీలు బిగిస్తున్నప్పుడు నా చేతుల వైపే చూస్తోంది.

ఏప్రిల్ 17

మర ముప్ఫై దగ్గర ఉంది.

నేనే పొరపాటున తిప్పి ఉంటాను. సున్నాకు తెచ్చాను.

ఏప్రిల్ 18

ముప్ఫై.

ఏప్రిల్ 19

సున్నాకు తెచ్చిన గంటకు మళ్ళీ ముప్ఫై. చెవి నా కుట్టుపెట్టెలోనే ఉంది. దిండు కింద దుప్పటి సరిచేస్తుంటే వంకరపోయిన జడపిన్ను ఒకటి దొరికింది. దాన్ని అక్కడే పెట్టేశాను.

ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. టీ తాగుతూ వాన గురించి మాట్లాడుకున్నాం. "ఇవాళ టీ బాగుందక్కా" అంది. ఎన్నేళ్ళుగానో అదే టీ పెడుతున్నాను, ఎప్పుడూ అలా అనలేదు. ఒళ్ళు జలదరించింది. కిటికీ తీసి ఉంది, వానగాలి.

ఏప్రిల్ 20

పొద్దున పనిలో కూర్చోబోతుంటే పిలిచింది.

"అక్కా, ఇలా రా. కూర్చో."

"పొయ్యి మీద పాలున్నాయి."

"ఆపేసి రా."

వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. అది మంచం అంచున కూర్చుని ఉంది. కాలు కొయ్యలా ముందుకు చాచి ఉంది.

"ఒళ్ళోంచి దింపకపోతే కాళ్ళు చచ్చుబడతాయన్నావు ఫోన్లో. ఎవరి కాళ్ళు?"

"అది ఆఫీసు పనే."

"ఆ రోజు డాక్టరు ఏమన్నాడు?"

"చెప్పాగా. కట్టు ఉండాలన్నాడు."

"అక్కా. ఏమన్నాడు?"

అది గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేదాన్ని. పిల్లలు నీళ్ళకు భయపడి ఒడ్డు వదలనప్పుడు ఇదే గొంతుతో మాట్లాడుతుందట, మెకానిక్ చెప్పాడు ఒకసారి.

చెప్పాను. ముందు డాక్టరు ఎలా అన్నాడో అలా ఇంగ్లిషులోనే చెప్పాను, ఒక్క మాట పోకుండా. తర్వాత మన భాషలో. అతుక్కుంది, ఇక కదిలించాలి. ఈ బ్రేస్ వంచడానికే. కదిలించకపోతే మోకాలు ఇలాగే ఉండిపోవచ్చు, ఆ తర్వాత ఎంత చేసినా పూర్తిగా రాకపోవచ్చు. నేను ఇన్నేళ్ళలో ఇంత శుభ్రంగా దేన్నీ అనువదించలేదు.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. దుప్పటి అంచు సరిచేసింది.

"ఎందుకని అడగను" అంది. "నాకు తెలుసు. నీకు తెలుసో లేదో."

"నువ్వు పడతావని భయం, చిన్నీ. అంతే."

"పడ్డానుగా. ఇంకేం పడతాను?"

పాలు పొంగి పొయ్యి ఆరిపోయినట్టుంది. ఇల్లంతా మాడు వాసన.

ఏప్రిల్ 21

చిన్ని ఫోను చేసింది, నేను కాదు. వ్యాయామాల అమ్మాయి మధ్యాహ్నం వచ్చింది. కాలు పట్టుకుని వంచబోతే కొద్దిగా కదిలి ఆగిపోయింది, తలుపు వెనక బీరువా ఉన్నట్టు. ఆ అమ్మాయి ముఖం మారింది.

"ఇన్నాళ్ళూ ఎవరి దగ్గర చేయించుకున్నారు ఆంటీ?"

నేను మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాను. చిన్ని ఏం చెప్పిందో వినలేదు. వచ్చేసరికి ఆ అమ్మాయి నా వైపు చూడకుండా గబగబా చూపిస్తోంది. మంచం అంచున కూర్చోవాలి. ఇంకొకరు కింద కూర్చుని మడమ పట్టుకుని పాదాన్ని లోపలికి మెల్లగా నొక్కాలి. నొప్పి ఉంటుంది. రోజూ పొద్దునా సాయంత్రం చేయాలి. తాను వారానికి రెండుసార్లే రాగలదు.

"మరీ బలంగా నొక్కకూడదు. చిప్ప మళ్ళీ చీలినా చీలుతుంది. చేసేవాళ్ళకి చేతిలో తెలియాలి."

"రోజూ చేయడానికి ఎవరైనా మనిషిని పెట్టుకుందాం" అన్నాను.

"ఎందుకు?" అంది చిన్ని. "అక్క చేస్తుంది."

ఆ అమ్మాయి వెళ్ళాక అడిగాను, మెకానిక్‌కు చెప్పావా అని.

"చెప్పలేదు. చెప్పను."

"నా కోసం..."

"నీ కోసం కాదు. చెప్తే ముందు నీ మీదికి వస్తాడు, తర్వాత నా మీద జాలిపడతాడు. రెండూ నాకొద్దు."

కాలు రెండు చేతులతో మంచం మీదికి ఎత్తుకుంటూ అంది. "కారులో కూర్చునేంత వంగిన రోజు వెళ్ళిపోతాను. అందాకా నొప్పి నాది, చేతులు నీవి."

ఏప్రిల్ 22

పొద్దున, సాయంత్రం. అది కళ్ళు మూసుకోదు. నొక్కినంతసేపూ నా ముఖంలోకే చూస్తుంది.

ఏప్రిల్ 27

"ఆగావేం?" అంటుంది.

"నొప్పి కదా."

"నాకా, నీకా?"

మే 3

మెకానిక్ వచ్చాడు. మోకాలు వంగుతోందని తెలిసి సంబరపడ్డాడు. నా చేతులు రెండూ పట్టుకుని, "కన్నతల్లి కూడా ఇంత చేయదు వదినగారూ" అన్నాడు. చిన్ని గోడ వైపు చూస్తోంది. నేను చేతులు విడిపించుకుని వంటింట్లోకి వెళ్ళాను. పంపు తిప్పి నీళ్ళ కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. దొంగకు తేలు కుట్టిందంటారు. అరిచే వీలు కూడా లేదు.

మే 11

ముప్ఫై దాటింది. ఇప్పుడు రాత్రుళ్ళు దాని గదిలోంచి మూలుగు వినిపించదు, నవ్వు వినిపించదు, పాట వినిపించదు.

మే 19

ఇవాళ పిలిచిందని వెళ్తే ఏమీ లేదంది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఏమీ లేదంది. బాత్రూముకు వెళ్ళేటప్పుడు కర్రలు వద్దని నా భుజం పట్టుకుంటోంది. ఎముక దాకా దిగేలా పట్టుకుంటుంది. భుజం మీద కమిలిన మచ్చలు పడ్డాయి. అద్దంలో చూసుకుంటే అవి నా ఒంటివి కానట్టున్నాయి.

 ఊతకోసమే కదా.

మే 28

కొన్నాళ్ళుగా ముందుకు పోవడం లేదు. అరవై దగ్గర ఆగింది. వ్యాయామాల అమ్మాయి నొక్కితే ఇంకాస్త వస్తోంది, నేను నొక్కితే రావడం లేదు.

"నువ్వు ఆపేస్తున్నావు" అంది చిన్ని.

"చేతిలో తెలియాలన్నారుగా. నాకు చేతిలో అంతవరకే తెలుస్తోంది."

"నీ చేతులకు నువ్వు నేర్పిందే తెలుస్తుంది."

నా శక్తి కొద్దీ చేస్తున్నాను. అంతా నా మీద వేస్తే ఎలా?

జూన్ 6

ఎడిటరమ్మ ఫోను. కాగితాలు అచ్చయ్యాయట. ఊతకట్టు అన్న మాట అందరికీ నచ్చిందట. నడుము బెల్టుల మీద కొత్త పని పంపిస్తానంది. ఒంట్లో బాగాలేదని చెప్పాను.

జూన్ 13

పిక్కలో కండ మళ్ళీ గట్టిపడుతోంది. నిన్న నేను లేనప్పుడు వంటింటి దాకా వచ్చి వెళ్ళిందని గ్లాసు స్థలం మారడం చూస్తే తెలిసింది. రోజులు దగ్గరపడుతున్నాయి. సూట్‌కేసుల మీద దుమ్ము తుడిచాను. ఎలాగూ తుడవాల్సిందే.

నాకు ఒక ఆలోచన వస్తోంది. రాయను.

జూన్ 14

రాయలేదు.

జూన్ 21

ఆదివారం. జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున టీ అయ్యాక చిన్ని మంచం అంచున కూర్చుంది. నేను కింద చాప మీద కూర్చుని మడమ ఎడమ చేత్తో పట్టుకున్నాను, కుడి చెయ్యి మోకాలి మీద ఆనించాను. రోజూలాగే. మెల్లగా లోపలికి నొక్కాను. కొంత దూరం వచ్చి ఆగింది. ఆగిన చోట ఎప్పుడూ ఒక బిగువు ఉంటుంది. ఇవాళ ఆ బిగువు కిందే చిప్ప నా అరచేతికి తగిలింది. చీలిక అతుక్కున్న గీత వేలికి తెలిసింది. నిజంగా తెలిసిందో, తెలిసినట్టు అనిపించిందో.

ఒక్కసారి గట్టిగా నొక్కితే చాలు. ఎవరూ ఏమీ అనరు. జరుగుతుందని ఆ అమ్మాయే చెప్పింది. మళ్ళీ స్ప్లింట్, మళ్ళీ పొద్దునా సాయంత్రం పట్టీలు, మళ్ళీ ఆ పాటలు గోడకవతల. ఇదంతా మాటలుగా అనుకోలేదు నేను. చేతుల్లోకి వచ్చింది. రెండు చేతుల్లోకీ బలం దానంతట అదే వచ్చి చేరింది.

తలెత్తాను. చిన్ని నా ముఖంలోకి చూస్తోంది. దానికి తెలిసింది. నేను ఏం చేయబోతున్నానో నాకన్నా ముందే తెలిసినట్టుంది. అయినా కాలు లాక్కోలేదు. మంచం అంచు రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుంది, పెదవులు తెల్లబడి.

"అక్కా" అంది, చాలా చిన్నగా.

చేతులు తీసేశాను.

 రెండూ చంకల్లో పెట్టుకుని వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాను. చాప మడత పడింది. ఎవరిదో ఏడుపు వినిపించింది, నాదే.

 చిన్ని వంగి తన మడమ తనే పట్టుకుంది. పళ్ళు బిగించి లోపలికి లాక్కుంది. నేను నొక్కినదానికన్నా ఎక్కువ వంగిందో తక్కువ వంగిందో చూడలేదు. తర్వాత ఫోను తీసి మెకానిక్‌కు చేసింది.

"ఇవాళే వచ్చెయ్. ఆఁ, ఇంకా పూర్తిగా వంగడం లేదు. ఫర్వాలేదు. ఇవాళే."

సాయంత్రం లోపే వచ్చాడు, ఎవరినో అడిగి కారు తెచ్చుకుని. సూట్‌కేసులు అతను మోశాడు. నేను అన్నం పెడతానంటే దారిలో తింటామన్నాడు. తలుపు దగ్గర నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే పక్కకు తప్పుకున్నాను. మొహమాటం అనుకుని నవ్వాడు.

చిన్ని కర్రలు రెండూ ఒక చేతిలోకి తీసుకుంది. భుజం ఇవ్వడానికి దగ్గరికి వెళ్ళాను.

"వద్దక్కా. ఉండు" అంది.

కోపంగా అనలేదు. అది కోపంగా అనుంటే బాగుండేది.

గుమ్మంలో నిలబడి విన్నాను. కర్ర, కాలు, కర్ర, కాలు. మధ్యమధ్య ఆగుతోంది. "నెమ్మదిగా, నెమ్మదిగా" అని మెకానిక్ గొంతు. తర్వాత అదీ వినిపించలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే పైకి చూస్తుందేమోనని, చూడదేమోనని.

కింద కారు తలుపు వేసిన చప్పుడైంది. ఒక క్షణం ఆగి మళ్ళీ తీసిన చప్పుడు. మళ్ళీ వేశారు. మొదటిసారి పడలేదు.

అడిగి తెచ్చుకున్న కారు. తలుపు వదులై ఉంటుంది.